ప్రకృతి కవితల వర్క్‌షాప్: ఎవరేం చూసుకుంటారో ఇక్కడ చెప్పండి

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. శనివారం ఉదయం పార్కులో కలుద్దాం. ముందు అరగంట నడక, ఫోన్లు సంచుల్లోనే. తర్వాత రాయడం, చివర్లో చదవడం. నా పట్టు ఒక్కటే: కోయిల, మల్లెలు, మావిచిగురు వద్దు. ఇక్కడ కోయిల కూయదు, అయినా మన సంఘం సంచికలో ఏటా కూస్తూనే ఉంది! ఎదురుగా ఉన్నదే రాయిద్దాం. పేరు తెలియని చెట్టయితే ఇంకా మంచిది. బెరడు, ఆకు అంచు, కింద నీడ, అన్నీ తామే చూసి చెప్పాలి కదా.

పద్యాల మాస్టారు: బాగుందమ్మా. మరి ఛందస్సు మాటేమిటి? వేమన పద్యాల్లో ఉండే ఆటవెలది నేర్పుతాను. పాదాల్లో రెండో అక్షరం కలవాలనే ప్రాస బెడద లేదు. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదర్చడం, అంటే యతి, కుదరకపోతే వాటి పక్క అక్షరాలను కలిపే ప్రాసయతి ఉండనే ఉంది.

సమన్వయకర్త: మాస్టారూ, కొత్తవాళ్లు గణాలు లెక్కపెట్టేలోగా పిట్ట ఎగిరిపోతుందండీ. వాళ్లకు నానీ అనే చిన్న కవిత చాలు: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఒత్తులను విడిగా లెక్కించక్కర్లేదు. ఆటవెలదికి మీ బల్ల వేరే వేయిస్తాను, ఇష్టమున్నవాళ్లు వస్తారు.

పద్యాల మాస్టారు: సరే, నీడలో వేయించు.

నడక వాలంటీర్: దారిలో ఆకుల రంగు గురించి నేను రెండు ముక్కలు చెబుతాను. చలికాలం ముందు ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితం విరిగిపోతుంది. పసుపు అప్పుడు కొత్తగా పుట్టదు, ఆకులో ముందునుంచీ ఉన్నదే బయటపడుతుంది. చాలా చెట్లలో ఎరుపు మాత్రం అప్పుడే తయారవుతుంది. నమూనాకి నేనొకటి రాశాను, మొహమాటం లేకుండా చెప్పండి:

ఆకు పసుపైంది
అనుకున్నాను
పచ్చదనం తప్పుకుని
దారిచ్చింది

పిల్లల విభాగం: బాగుందన్నా! కానీ ముందే చదివితే అందరూ పసుపాకు మీదే రాస్తారు. రాయడం అయ్యాక చదవండి. మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. వాళ్లు చెప్పింది పెద్దవాళ్లు రాసిపెట్టాలి, ఒక్క మాట కూడా దిద్దకుండా. అమ్మానాన్నలు పక్కన కూర్చుంటే దిద్దకుండా ఉండలేరు, కాబట్టి ఎవరి పిల్లల దగ్గర వాళ్లు వద్దు. ఇంకో నలుగురు కావాలి.

నడక వాలంటీర్: సరే, చివర్లోనే చదువుతా. పిల్లల దగ్గర కూర్చోవడానికి మా ఆవిడ వస్తానంది.

సామగ్రి: అట్టలు, కాగితాలు నా దగ్గరున్నాయి. పెన్నులు కాకుండా పెన్సిళ్లు తెస్తున్నా, తడి తగిలితే ఇంకు పాకుతుంది. వాన పడితే హాల్లో కిటికీల పక్కన కూర్చోబెడదాం, రాయడానికి వాన కూడా మంచి సరుకే. పార్కులో బల్లలు వేయడానికి పర్మిషన్ ఎవరు అడుగుతున్నారు?