అప్‌డేట్: నా ‘లిటిల్ డ్యూస్ కూప్’ రికార్డు అసలైన ముద్రణేనా?

అమెరికా రాక్ సంగీత బృందం బీచ్ బాయ్స్ 1963 అక్టోబరులో కాపిటల్ సంస్థ ద్వారా విడుదల చేసిన ‘లిటిల్ డ్యూస్ కూప్’ ఎల్పీ ఒకటి నా దగ్గర ఉందనీ, అది తొలినాటిదో తరువాతి ముద్రణో తేల్చుకోలేకపోతున్నాననీ, అట్టపై ఉన్న పాత ధర చీటీని తీసేయవచ్చా అనీ రెండు నెలల క్రితం అడిగాను.

మీరు చెప్పినట్టే ముందుగా రికార్డు మధ్యలో అతికించిన గుండ్రని కాగితం, అంటే లేబుల్ చూశాను. నల్లని నేల, అంచున ఇంద్రధనుస్సు రంగుల పట్టీ, పైభాగంలో సంస్థ చిహ్నం ఉన్నాయి. ఆ చిహ్నం 1962 వరకు ఎడమవైపు ఉండేదనీ, 1969లో ఆకుపచ్చ లేబుల్ వచ్చిందనీ తెలుసుకున్నాక, నా ప్రతి ఈ రెంటి మధ్యకాలానిదని నమ్మకం కుదిరింది. రికార్డు జాబితా సంఖ్యకు ముందు స్టీరియోను సూచించే ‘ఎస్‌టీ’ కాక ‘టీ’ మాత్రమే ఉంది కనుక ఇది మోనో (ఒకే ధ్వని మార్గం ఉన్న) ప్రతి.

అయితే నన్ను ఎక్కువగా కట్టిపడేసింది అట్టే. మార్పులు చేసిన కార్ల గురించిన ‘హాట్ రాడ్’ పత్రిక నుంచి తీసుకున్న ఆ ఛాయాచిత్రంలో, పైకప్పు తగ్గించి మార్చిన 1932 నాటి ఫోర్డ్ కూపే (రెండు తలుపుల కారు) నీలంగా మెరుస్తుంది. పక్కన నిలబడిన యజమాని తల మాత్రం ఛాయాచిత్రపు అంచు అవతలే ఆగిపోయింది. బృందం ముఖాలను పక్కనపెట్టి కారునే నాయకుణ్ణి చేసిన ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చుతుంది.

చీటీని తీయలేదు. జిగురుతో పాటు రంగు లేచిపోతుందన్న మీ హెచ్చరిక సరైనదే. లోపలి రికార్డు అంచు ఒరుసుకుని అట్టపై పడిన వలయపు మరక పెరగకుండా, పారదర్శకమైన పై కవరులో ఉంచి నిలువుగా నిలబెట్టాను.