యుద్ధం చేసొచ్చిన నల్లజాతి సైనికులకు ఇంటి దగ్గర హక్కులు ఎందుకు దక్కలేదు?

తిరుపతి_పీజీ
అందరికీ నమస్తే. తిరుపతిలో ఎంఏ హిస్టరీ చదువుతున్నాను, వచ్చే వారం సెమినార్. అమెరికా అంతర్యుద్ధంలోనే దాదాపు 1,80,000 మంది నల్లజాతి వాళ్లు ఉత్తరాది సైన్యంలో చేరారు, రెండో ప్రపంచ యుద్ధానికి పది లక్షల పైనే. అయినా వాళ్ల పిల్లలు ఓటు కోసం, బడి కోసం 1960ల దాకా రోడ్డెక్కాల్సి వచ్చిందంటే నాకు మింగుడు పడటం లేదు. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో వివక్ష వద్దని ఆర్డర్ ఇచ్చాడు కదా, దాంతో మారలేదా? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

పలమనేరు_మాస్టారు
ఆర్డర్ ఒక్కటే చెబితే సెమినార్ చప్పగా ఉంటుందమ్మా. ఐజక్ వుడార్డ్ అనే నల్లజాతి సైనికుడి గురించి చెప్పు. 1946 ఫిబ్రవరిలో డిశ్చార్జి అయిన రోజే, ఒంటి మీద యూనిఫాం ఉండగానే బస్సెక్కి ఇంటికి బయల్దేరాడు. దారిలో బాత్రూంకి ఆపమన్నందుకు డ్రైవర్‌తో మాటామాటా పెరిగింది, సౌత్ కరోలినాలో ఒక ఊళ్లో పోలీసులకి అప్పజెప్పాడు, ఆ ఊరి పోలీసు చీఫ్ లాఠీతో కొట్టిన దెబ్బలకి రెండు కళ్లూ పోయాయి. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే, అరగంటలోపే ఆ చీఫ్ నిర్దోషి అని వదిలేశారు. ట్రూమన్‌ని కదిలించిన వాటిలో ఇదొకటి. నాకు మాత్రం ఆ కోర్టులో కూర్చున్న జడ్జి వేరింగ్ ముఖ్యం. ఆయనే 1951లో బడుల కేసులో, పిల్లల్ని రంగును బట్టి వేరు చేయడమే అసమానత్వం అని మిగతా ఇద్దరు జడ్జీలతో విభేదించి రాశాడు. ఆ కేసు వేసిన హ్యారీ బ్రిగ్స్ నేవీలో పనిచేసి వచ్చినవాడు, పెట్రోల్ బంకులో ఉద్యోగం. కేసు వేసినందుకు ఆయన పనీ పోయింది, భార్య పనీ పోయింది. బడుల్లో అలా వేరు చేయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసుల్లో అదీ ఒకటి.

మాజీ_జవాను_చిత్తూరు
మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ డబ్బు సంగతి వదలొద్దమ్మా. యుద్ధం చేసొచ్చిన వాళ్లకి చదువుకీ ఇంటి లోనుకీ 1944లో చట్టం తెచ్చారు. మనకు మిలిటరీ కోటాలో డీకేటీ పట్టా (సర్కారు ఇచ్చే భూమి పట్టా) రావాలంటే ఆర్డర్ పైనుంచి వచ్చినా కాగితం కదలాల్సింది మండలాఫీసులోనే కదా, అక్కడా అంతే, లోను ఇవ్వాల్సింది ఊళ్లో తెల్లవాళ్ల బ్యాంకు. మిసిసిపీలో 1947లో ఆ చట్టం గ్యారంటీతో ఇచ్చిన 3,229 లోన్లలో నల్లజాతి వాళ్లకి దక్కినవి రెండంటే రెండే. తాతకి ఇల్లు రాకపోతే మనవడికి ఏం మిగులుతుంది చెప్పు? యుద్ధానికి పోయొచ్చాక ఏం చేతికొస్తుందనేదే ఇంట్లోవాళ్లు చూస్తారు, మెడల్ కాదు.

శ్రీకాళహస్తి_రీడర్
అన్నా, ఒక్క మాట. పోరాటం పిల్లల తరంతో మొదలైందన్నట్టు చెప్పొద్దు. అంతర్యుద్ధంలోనే తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు, నల్లవాళ్లకి 10, అందులోనూ బట్టలకని 3 కోత. నల్లజాతి సిపాయిల దళమైన మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ వాళ్లు ఆ జీతమే ముట్టలేదు. తేడా మేం కడతామని రాష్ట్రం ముందుకొచ్చినా ఒప్పుకోలేదు, ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలు పస్తులుంటున్నా సరే. 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) దిగొచ్చి సమాన జీతానికి ఒప్పుకుంది. పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ కూడా రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చినవాడే, 1946లో ఓటేయడానికి పోతే తుపాకులు పట్టుకున్న గుంపు అడ్డం నిలబడింది. 1963లో ఇంటి ముందే కాల్చి చంపారు.

తిరుపతి_పీజీ
చాలా థ్యాంక్స్. బ్రిగ్స్ కేసుతోనే మొదలుపెడతాను, ట్రూమన్‌కి ఒక్క స్లైడ్ చాలు. అన్నా, ఆ జీతాల సంగతి ఇంకాస్త వివరంగా రాయగలరా?