అప్‌డేట్: 24 వోల్టుల బ్యాటరీకి ఫ్యూజు, కేబుల్ తేలాయి

3000 వాట్ల ఇన్వర్టర్‌కి, 24 వోల్టుల లిథియం బ్యాటరీకి మధ్య ఏ ఫ్యూజు, ఎంత లావు కేబుల్ వేయాలని అడిగాను కదా. పని పూర్తయింది.

3000ని 24తో భాగిస్తే 125 ఆంపియర్లే. కానీ మీరు చెప్పినట్టు బ్యాటరీ 21 వోల్టులకు దిగినప్పటి లెక్క తీసుకుని, ఇన్వర్టర్ నష్టం పది శాతం కలిపితే 159 దాకా వచ్చింది. దానికి పాతిక శాతం జోడించి 200 ఆంపియర్ల క్లాస్ టీ ఫ్యూజు (భారీ షార్ట్ కరెంటునీ తెంచగల రకం), బ్యాటరీ ప్లస్‌ని ఆనుకునే పెట్టించాను. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి, మామూలు ఫ్యూజు ఆపలేకపోవచ్చు. కేబుల్ 70 స్క్వేర్ ఎంఎం రాగి, పొడవు మీటరున్నర.

ఎలక్ట్రీషియన్ బ్యాటరీ వైపు మామూలు ఏసీ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్చు) వేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఏసీలోలా డీసీలో కరెంటు మాటిమాటికీ సున్నాకి రాదు, అందుకే స్విచ్చు తెరుచుకున్నా మధ్యలో లేచే మెరుపు (ఆర్క్) తేలిగ్గా ఆరదు. ఏసీ అవుట్‌పుట్‌కి మాత్రం 16 ఆంపియర్ల ఎంసీబీ, 2.5 స్క్వేర్ వైరు సరిపోయాయి.

ఫుల్ లోడ్‌లో ఒక లగ్గు (కేబుల్ చివర టెర్మినల్‌కి బిగించే ముక్క) మాత్రం బాగా వేడెక్కింది. విప్పి చూస్తే వాషరు లగ్గుకీ టెర్మినల్‌కీ మధ్యలో ఉంది, కరెంటు దాని గుండా పోవాల్సి వచ్చింది! దాన్ని లగ్గు పైకి మార్చి బిగించాక ఇప్పుడు అన్నీ ఒకే వేడిమీద ఉన్నాయి.