రెండు కొత్త టైర్లు ముందరెయ్యాలా, వెనకెయ్యాలా?

ఉప్పల్ స్విఫ్ట్:
అన్నలూ, 2016 స్విఫ్ట్ నాది, ముందటి టైర్లు రెండూ నున్నగైనయ్, వెనకవి సగం మీదున్నయ్. నాలుగూ మార్చేంత పైసల్లేవు ఇప్పుడు. టైర్ షాపాయన కొత్తవి ముందరెయ్యమంటుండు, మా బావ వెనకే అని ఒకటే పట్టు. ఈ వానల్ల రోజూ ఘట్‌కేసర్ కాడ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) ఎక్కి గచ్చిబౌలి పోవాలె, ఏది సేఫ్?

మియాపూర్ మైలేజ్:
షాపాయన కరెక్టే బ్రో. బండిని లాగేది ముందు చక్రాలు, తిరిగేవీ అవే, బ్రేక్ కొడితే బరువంతా వాటి మీదే పడుద్ది. పనంతా వాటిదైతే కొత్తవి తీసుకెళ్లి వెనక పెట్టడం ఏంటి?

నాగోల్ గ్యారేజ్:
మీ బావ మాటే విను తమ్మీ. మియాపూర్ తమ్ముడు చెప్పినవన్నీ నిజమే, అందుకే ముందటివి జల్దీ అరుగుతయ్. కానీ నేనైతే ఏది జారితే బండి ఇంకా చేతిలో ఉంటదో అది చూస్త. నీళ్ల మీద ముందు టైర్లు తేలితే స్టీరింగ్ తేలికైపోతది, చేతికి తెలుస్తది, బండి మలుపు తిరగకుండ తిన్నగ పోతది, మెల్లగ యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకొచ్చి మళ్లీ పట్టు దొరుకుతది. వెనక జారితే గట్ల కాదు, ముందుగా చేతికి ఏం తెల్వదు, తెలిసేసరికి డిక్కీ పక్కకొచ్చేస్తది, భయపడి కాలు తీసినవంటే వెనకున్న కాస్త బరువు కూడ ముందుకు పోయి ఇంకా గిర్రున తిరుగుతది. అప్పుడు వెనక ఎటు జారుతుంటే అటే స్టీరింగ్ తిప్పి సర్దాలె, వంద స్పీడ్‌ల ఎంతమందికి అయితది చెప్పు ఆ పని? ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే కొత్తవి వెనకే అని టైర్ల కంపెనీ మిషెలిన్ వాళ్లు చెప్పేది గిందుకే. ఓఆర్‌ఆర్ దిగే ర్యాంపుల కాడ స్పీడ్ మీదొచ్చి ఒక్కసారి తిప్పాలె, అక్కడ నీళ్లుంటే ఇంక చూస్కో.

మియాపూర్ మైలేజ్:
సిటీలో వందలో ఎవరు పోతారన్నా? అమీర్‌పేట్‌లో ముందు ఆటో సడన్‌గా ఆగితే కావాల్సింది బ్రేకే కదా. అరిగినవి ముందుంటే, బ్రేక్ కొట్టినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఉండి మాత్రం ఏం లాభం?

తార్నాక లత:
ముందో వెనకో తర్వాత, తీసుకునే రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఉండాలండీ. టైర్ సైడ్‌లో నాలుగంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. పాత స్టాక్ అంటగడతారు, జాగ్రత్త.

నాగోల్ గ్యారేజ్:
మియాపూర్ తమ్మీ, నున్నగైనవి ముందర ఉంచమని నేనన్నానా? అవి తీసి పడేసుడే. సగం ఉన్న వెనకవి ముందుకొస్తయ్, కొత్తవి వెనక్కి పోతయ్. గాడిల అడ్డంగ చిన్న దిమ్మెలుంటయ్, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు, అక్కడిదాకా అరిగితే టైర్ పని ఖతం. వానాకాలం 3 మిల్లీమీటర్లకు దిగినా నేను ముందర వెయ్యను, అప్పుడు బ్రేక్ గురించి నీ మాటే కరెక్టు, అప్పు చేసైనా నాలుగూ మార్చాలె. ఉప్పల్ తమ్మీ, వెనక టైర్ల గాడి లోతు కొలిచి చెప్పు, లోపలి అంచు కాడ కూడ కొలువు, అలైన్‌మెంట్ తప్పితే అక్కడే ఎక్కువ అరుగుతది.