మౌనం అర్ధాంగీకారమైతే మిగిలిన సగం మాటేమిటి?

చర్చాంశం: ఒడంబడికపై సంతకం చేయని దేశానికి ఆచారం ద్వారా బాధ్యత వస్తుందా?

అడయారు విద్యార్థిని:

గత వారం మా న్యాయశాస్త్ర తరగతిలో తెగక మిగిలిన ప్రశ్న ఇది. చెన్నైలో చదువంతా ఇంగ్లిషులో సాగుతున్నా, చిక్కుముడి వచ్చినప్పుడు నేను తెలుగులోనే ఆలోచిస్తాను కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

శరణార్థిని ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటికి తిప్పి పంపరాదన్న నాన్ రిఫౌల్‌మెంట్ సూత్రం 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో ఉంది. ఆ ఒడంబడికలో గాని, 1967 నాటి ప్రోటోకాల్‌లో గాని భారత్ చేరలేదు. అయినప్పటికీ అది ఇప్పుడు అంతర్జాతీయ ఆచార న్యాయంగా మారింది కనుక మనకూ వర్తిస్తుందని మా ఆచార్యులు అన్నారు. నేను ఒప్పుకోలేకపోయాను.

అంతర్జాతీయ న్యాయస్థానపు శాసనం, 38వ అధికరణంలో, న్యాయంగా అంగీకారం పొందిన సాధారణ ఆచరణకు సాక్ష్యంగా ఆచారాన్ని చూస్తుంది. కాబట్టి దేశాలు అలా నడుచుకోవడం ఒక్కటే చాలదు. అలా నడుచుకోవడం తమ బాధ్యత అన్న భావన, అంటే ఒపీనియో జ్యూరిస్, కూడా ఉండాలి. మన ఇళ్లలోని మేనరికాన్నే తీసుకోండి. మేనమామతో పెళ్లి నిషిద్ధ బంధుత్వం కిందికి వచ్చినా, ఆచారం ఉన్నచోట 1955 నాటి హిందూ వివాహ చట్టం దానిని చెల్లనిస్తుంది. అంతమాత్రాన, మేనమామ ఉండగా బయటి సంబంధం చేసుకున్న అమ్మాయిని ఎవరూ కోర్టుకీడ్వరు. తరతరాలుగా జరుగుతున్నా అది వెసులుబాటుగానే ఉంది, విధి కాలేదు.

1959లో టిబెటన్లకు, 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన దాదాపు కోటి మందికి, 1983 తర్వాత శ్రీలంక తమిళులకు మనం చోటిచ్చాం. ఇదంతా వెసులుబాటు కాదని, విధేనని రుజువు చేయవలసిన భారం ఆ మాట చెప్పేవారిదే. పైగా 1950 నాటి అసైలమ్ కేసులో, రాజకీయ ఆశ్రయంపై కుదిరిన మాంటెవిడియో ఒడంబడికలను పెరూ ఆమోదించకపోవడాన్ని ఆచారాన్ని తిరస్కరించడంగానే అంతర్జాతీయ న్యాయస్థానం చూసింది. మన సంతకం లేకపోవడాన్ని కూడా అలాగే ఎందుకు చూడరాదు?

మైలాపూరు పాత వకీలు:

మేనరికం ఉదాహరణ బాగుంది. నలభై ఏళ్ల వృత్తిలో నాకు తట్టనందుకు కొంచెం అసూయగా కూడా ఉంది. అసైలమ్ తీర్పును మాత్రం మీరు దాని చోటు నుంచి కదిపారు. పెరూ నాయకుడు హయా దె లా తోరె లిమాలోని కొలంబియా రాయబార కార్యాలయంలో తలదాచుకున్నప్పుడు, కొలంబియా చూపినది లాటిన్ అమెరికాకు మాత్రమే పరిమితమైన ప్రాంతీయ ఆచారాన్ని. అటువంటి ఆచారం ఎదుటి దేశాన్ని కూడా కట్టిపడేస్తుందని చూపించే భారం దానిని చెప్పే దేశం మీద ఉంటుంది. సాధారణ ఆచారానికి ఒక్కొక్క దేశపు అంగీకారమూ అక్కరలేదు. రూపుదిద్దుకుంటున్న కాలం నుంచీ పట్టు విడవకుండా అభ్యంతరం చెబుతూ వచ్చిన దేశం మాత్రమే దాని నుంచి తప్పుకోగలదు. అఖాతాల ముఖద్వారానికి పది మైళ్ల హద్దు అన్న నియమం సాధారణ ఆచారం కాదని 1951లో బ్రిటన్, నార్వేల కేసులో న్యాయస్థానం తేల్చింది. ఒకవేళ అయినా నార్వే మీద చెల్లదని, దానిని తన తీరానికి వర్తింపజేసే ప్రయత్నాలన్నిటినీ నార్వే ఎప్పుడూ ఎదిరించిందని అన్నది. సంతకం చేయకుండా ఊరుకోవడం వేరు, ఎదిరించడం వేరు.

ఇక మౌనం సంగతి. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లు ఊరికే అనలేదు, ఆ సగాన్ని జాగ్రత్తగానే వదిలిపెట్టారు. 2018లో ఐక్యరాజ్యసమితి వారి అంతర్జాతీయ న్యాయ కమిషన్ ఆచార న్యాయంపై ఆమోదించిన నిర్ధారణలలో పదవది కూడా దాదాపు ఇదే చెబుతుంది: ప్రతిస్పందించగలిగే స్థితి దేశానికి ఉండి, పరిస్థితులు ప్రతిస్పందనను కోరి ఉంటేనే, కాలక్రమంలో అది మాట్లాడకపోవడం అంగీకారానికి సాక్ష్యం కావచ్చు. 1927 నాటి లోటస్ కేసులో, నడిసముద్రంలో ఓడలు ఢీకొన్నప్పుడు పరాయి ఓడ అధికారిని ఇతర దేశాలు విచారించకుండా ఊరుకున్నాయన్న ఫ్రాన్స్ వాదనను అప్పటి అంతర్జాతీయ శాశ్వత న్యాయస్థానం స్వీకరించకపోవడానికి కారణం కూడా ఇదే. బాధ్యత అనుకుని ఊరుకుంటేనే ఆచారం పుడుతుంది, అవసరం లేక ఊరుకుంటే పుట్టదు.

రాయపురం పాఠకుడు:

నేను న్యాయవాదిని కాను. కాసిమేడు రేవు దగ్గర పెరిగినందువల్ల పాకెట్ హబానా కేసు కథ మాత్రం గుర్తుండిపోయింది. 1898లో క్యూబా తీరంలో అమెరికా నౌకాదళం పట్టుకున్న రెండు చేపల పడవలను అమెరికా కోర్టు వేలం వేయించింది. ఒకటి 490 డాలర్లకు, రెండోది 800 డాలర్లకు పోయాయి. యుద్ధంలోనైనా తీరప్రాంతపు చేపల పడవలను పట్టరాదన్న ఆచారం ఉందని 1900లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అందుకు 1403 నాటి ఇంగ్లండు రాజు ఆజ్ఞ నుంచి లెక్క మొదలుపెట్టింది. ఆ వరుసలో యూరప్ రాజ్యాల, అమెరికా రాజ్యాల పత్రాలే ఉన్నాయి, చివరన జపాన్ పేరు కనిపిస్తుంది. మన తీరంలో ఆ అయిదు వందల ఏళ్లలో ఎవరూ వలలు వేయలేదా?

అందుకే నా సందేహం వేరు. ఆచరణను లెక్కించేటప్పుడు, నియమం వల్ల ప్రత్యేకంగా ప్రభావితమయ్యే దేశాల ఆచరణ కూడా అందులో ఉండాలని 1969 నాటి ఉత్తర సముద్రపు తీర్పు అన్నదని చదివాను. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ ఈ ఒడంబడికకు బయటే ఉన్నాయి. శరణార్థుల బరువును దశాబ్దాలుగా మోసినవాటిలో కొన్ని ఇవే కదా. వీటిని పక్కనబెట్టి సాధారణ ఆచరణ అనడం ఎలా కుదురుతుంది?

అడయారు విద్యార్థిని:

రాయపురం వారి మాట నా వాదానికి బలమే గాని, ఒక ఇబ్బంది కూడా ఉంది. ఆ దేశాలు ఒడంబడికకు బయట ఉన్నా, శరణార్థులను లోపలికి రానిచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అది ఆచరణ కిందికి రాదని నేను అనలేను.

వకీలు గారూ, ప్రాంతీయ ఆచారానికీ సాధారణ ఆచారానికీ తేడా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆ భాగాన్ని వదులుకుంటున్నాను. కాని అభ్యంతరం లేదన్న మాటకు నా సమాధానం 2021 నాటి సలీముల్లా కేసు. ఈ సూత్రం ఒడంబడికలో చేరిన దేశాలకే వర్తిస్తుందని కేంద్రం సుప్రీంకోర్టులో సూటిగానే వాదించింది. రోహింగ్యాలకు మధ్యంతర ఉపశమనం ఇవ్వడానికి కోర్టు నిరాకరించి, నిర్దేశించిన విధానం పాటించకుండా మాత్రం పంపరాదన్నది. 1986 నాటి నికరాగువా తీర్పు ప్రకారం, ఒక దేశం నియమాన్ని ఒప్పుకుంటూనే తన చర్యను మినహాయింపుగా సమర్థించుకుంటే ఆ నియమం ఇంకా బలపడుతుంది. కేంద్రం భద్రతా కారణాలు కూడా చెప్పిన మాట నిజమే గాని, నియమమే మాకు వర్తించదని ముందు చెప్పింది.

ఇంకొకటి. 1955లో పోర్చుగల్ మన మీద వేసిన, 1960లో తీర్పు వచ్చిన దారి హక్కు కేసు గుర్తు చేసుకోండి. డామన్ నుంచి దాద్రా, నగర్ హవేలీలకు మన భూభాగం మీదుగా పౌరులు, పౌర అధికారులు, సరుకులు వెళ్లే హక్కు నూట పాతికేళ్ల ఆచరణ వల్ల ఏర్పడిందని న్యాయస్థానం అంగీకరించింది. సాయుధ దళాలకు మాత్రం ఆ హక్కు లేదన్నది, ఎందుకంటే వారు ప్రతిసారీ అనుమతి తీసుకుని వెళ్లేవారు. శరణార్థులకు మనం ఇచ్చినదీ అనుమతే.

మైలాపూరు పాత వకీలు:

సలీముల్లా గురించి మీరు చెప్పినది సరైనదే. అయితే 2021లో చెప్పిన అభ్యంతరం 1970లలోనో 1980లలోనో రూపుకట్టిన నియమం నుంచి తప్పించదు. నియమం ఎప్పుడు స్థిరపడిందన్నదే ముందు తేలాలి, అది ఇంకా తేలలేదని మీరు అంటే నేను గట్టిగా కాదనను. కోర్టులో అయితే నేను ఆచారాన్ని అసలు ముందుకు తేను. 1998లో గుజరాత్ హైకోర్టు చేసినట్లు, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం మీదనే నిలబడతాను. మన న్యాయస్థానాలు ఆచారాన్ని ఎంత తేలిగ్గా ఒప్పుకుంటాయో ఈ రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో చూశాం. పాలారును పాడుచేసిన తోళ్ల శుద్ధి కర్మాగారాలపై 1996లో ఇచ్చిన వెల్లూరు తీర్పులో సుస్థిరాభివృద్ధిని ఆచార న్యాయమన్న సుప్రీంకోర్టు, దాని లక్షణాలను అంతర్జాతీయ న్యాయవేత్తలు ఇంకా ఖరారు చేయవలసి ఉందని కూడా తనే రాసింది. పాలారుకు మేలు జరగాలనే నేనూ కోరుకున్నాను, కాని ఆచారాన్ని రుజువు చేసే పద్ధతి అది కాదు.

దారి హక్కు ఉదాహరణ మాత్రం ఇక్కడ అతకదు. అక్కడ అనుమతి అడిగినది మరో సార్వభౌమ రాజ్యం. తనకు హక్కు ఉందని చెప్పగలిగి కూడా అడిగింది కాబట్టే, ఆ అడగడం హక్కు లేదనడానికి సాక్ష్యమైంది. శ్రీలంక శరణార్థులుండే మండపం శిబిరం గుమ్మంలో పిల్లను చంకనెత్తుకుని నిలబడిన మనిషి, అడగక తప్పదు కాబట్టి అడుగుతాడు. అతని అడగడం ఏ రాజ్యపు ఆచరణలోనూ లెక్కకు రాదు. అతను వదిలి వచ్చిన రాజ్యం అతని తరఫున నోరు విప్పదు. కాబట్టి మేము అనుమతిగానే ఇచ్చాం అన్న మాటకు ఎదురు చెప్పే పక్షమే అక్కడ లేదు. మీ తరగతిలో ఈ తేడాను ఎవరైనా ఎత్తారా?

అడయారు విద్యార్థిని:

ఎత్తలేదు. దారి హక్కు ఉదాహరణను ఉపసంహరించుకుంటున్నాను. 2021 నాటి వాదనను మాత్రం, ఆ నియమం అంతకుముందే స్థిరపడిందని ఎవరైనా తేదీతో చూపేవరకు వదులుకోను.