కొత్త సిస్టమ్‌లు కొన్నాం, పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కట్లేదు. వెండర్ కోసం ఆగాలా?

జీపీరోడ్_స్పేర్స్:
అందరికీ నమస్తే. చెన్నైలో మాది ఆటో స్పేర్స్ హోల్‌సేల్, షాపు జీపీ రోడ్‌లో, గోడౌన్ అంబత్తూరులో. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మీ పాత ప్రాసెసర్లకి 11 ఎక్కదు, మార్చండి మార్చండి అని ఆడిటర్ గారు ఒకటే పోరు, చివరికి మా బావ ఒకేసారి ఆరు సిస్టమ్‌లు కొనుక్కొచ్చాడు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ బానే ఎక్కింది. బిల్లింగ్‌ది మాత్రం నాన్నగారి టైంలో రాయించింది, నల్ల స్క్రీనే కానీ కౌంటర్ కుర్రాళ్ళు మౌస్ ముట్టుకోకుండా కస్టమర్ పార్ట్ నంబర్ చెప్పేలోపు బిల్లు కొట్టేస్తారు. కొత్తదాంట్లో డబుల్ క్లిక్ చేస్తే "దిస్ యాప్ కాంట్ రన్ ఆన్ యువర్ పీసీ" అంటుంది, అంతే. రాసిచ్చిన వెండర్‌ని అడిగితే కొత్త వెర్షన్ వచ్చే నెల సార్ అన్నాడు, దీపావళికీ అదే మాట, పొంగల్‌కీ అదే మాట. ఆగాలా, వేరే సాఫ్ట్‌వేర్‌కి పోవాలా? పార్ట్ నంబర్లే వేలల్లో ఉన్నాయి, కస్టమర్ల బాకీలు కూడా అందులోనే.

వేలచ్చేరి_వాసి:
ఆ బిల్లింగ్ ఫోల్డర్‌లో డీబీఎఫ్ అని డేటా ఫైళ్ళున్నాయా? పాత సిస్టమ్‌ల్లో విండోస్ 32 బిట్టా 64ఆ?

జీపీరోడ్_స్పేర్స్:
డీబీఎఫ్, సీడీఎక్స్ అని బోలెడున్నాయి అన్నా. పాతవన్నీ 32 బిట్టే.

వేలచ్చేరి_వాసి:
అయితే డాస్ ఫాక్స్‌ప్రోలో, అంటే విండోస్‌కి ముందటి డాస్ మీద నడిచే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, రాసింది అయ్యుంటుంది. డాస్ ప్రోగ్రాములు నడిపే భాగం విండోస్‌లో 32 బిట్ వాటికే ఉండేది, 64 బిట్‌లో అసలు పెట్టలేదు. విండోస్ 10 వరకూ 32 బిట్ దొరికేది కాబట్టి ఇన్నాళ్ళూ బండి నడిచింది, 11 వచ్చేసరికి ఉన్నదే 64 బిట్. కంపాటిబిలిటీ మోడ్‌లో ఎక్స్‌పీ పెట్టి చూడు అని ఎవరైనా చెప్తే వినకండి, టైం దండగ. అదే విజువల్ ఫాక్స్‌ప్రోలో రాసుంటే 32 బిట్ ప్రోగ్రామే కాబట్టి 11లో కూడా మామూలుగా నడుస్తుంది, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

వెండర్ వచ్చేదాకా గడవాలంటే వీడాస్ అని ఒకటుంది, ఆఫీసు పనికి వాడే డాస్ ప్రోగ్రాముల కోసమే చేసింది. ఇలాంటిదే డాస్‌బాక్స్ అందరికీ తెలుసు కానీ అది గేమ్స్ కోసం చేసింది, నలుగురు ఒకే ఫైల్‌లో బిల్లులు కొట్టేచోట రికార్డ్ లాకింగ్ (ఒకరు మారుస్తున్న లెక్కని అదే టైంలో ఇంకొకరు మార్చకుండా ఆపేది) తేడా వస్తే స్టాక్ లెక్క గోవిందా. ఏది పెట్టినా ముందు డేటా కాపీ తీసి ఆ కాపీ మీదే ఆడండి.

కోడ్_కూలీ:
వెండర్ల వైపు నుంచి ఒక మాట. నేను ఇలాంటి పనే చేస్తా, చిన్న కంపెనీ. వచ్చే నెల అనడం తప్పే, ఒప్పుకుంటా, కానీ లోపల ఏం జరుగుతుందో చెప్తా. డాస్ ఫాక్స్‌ప్రో కోడ్‌ని కొత్త కంపైలర్‌లో వేసి ఇచ్చేయడం కుదరదు, స్క్రీన్లన్నీ మళ్ళీ రాయాలి. వెండర్ దగ్గర అసలు కోడ్ రాసిన కుర్రాడు ఎప్పుడో వెళ్ళిపోయుంటాడు, కామెంట్లుండవు, మీ నాన్నగారు ఫోన్‌లో చెప్పిన డిస్కౌంట్ రూల్ ఏదో ఫైల్‌లో మూలన ఉంటుంది, అది ఎందుకుందో ఎవరికీ తెలీదు, తీసేస్తే మీరే ఫోన్ చేసి తిడతారు. డాంగిల్ లాక్ (కాపీ కొట్టకుండా సిస్టమ్‌కి గుచ్చే చిన్న పరికరం) ఉంటే ఇంకో తంటా, పాత డ్రైవర్లు 64 బిట్‌కి పనికిరావు, 64 బిట్‌ది దొరికినా 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే సెక్యూరిటీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అడ్డుకోవచ్చు. ఇంత పనుంటే కస్టమర్లేమో ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ డబ్బు) పాతదే ఇస్తామంటారు 😄

అందుకని ఆయన్ని డేట్ అడక్కండి, ఇప్పుడున్నంతవరకు డెమో చూపించమనండి, అదీ మీ డేటాతో. పార్ట్ మాస్టర్, బాకీలు ఎక్కించి ఒక్క బిల్లు కొట్టి చూపిస్తే పని నడుస్తున్నట్టు. చూపించలేకపోతే ఇంకా మొదలే పెట్టలేదు, వేరే దారి చూసుకోండి. డీబీఎఫ్ నుంచి డేటా బయటికి తీయడం పెద్ద కష్టమేం కాదు, ఆ భయంతో మాత్రం ఆగొద్దు.

లెక్కలమ్మ:
మా ఆఫీసులో ఇదే గోల జరిగింది తమ్ముడూ, ఇంకోచోట తగిలింది. నెలాఖరు స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లోకి నేరుగా డీబీఎఫ్ నుంచి వచ్చేది, కొత్త సిస్టమ్‌లో డ్రైవర్ లేదంటుంది, వేసినా లేదంటుంది. కారణం ఏంటంటే ఎక్సెల్ ఆ ఫైళ్ళు చదవడానికి వాడే ఫాక్స్‌ప్రో ఓడీబీసీ డ్రైవర్ 32 బిట్‌లోనే ఉంది, కొత్త మైక్రోసాఫ్ట్ ఆఫీస్ మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే 64 బిట్ పడుతుంది, రెండూ కలవవు. ఆఫీస్ తీసేసి 32 బిట్‌ది వేస్తే వచ్చింది. ఈ ఒక్క 32, 64 తేడా కోసం వెండరూ హార్డ్‌వేర్ వాళ్ళూ నీదంటే నీదని వారాల తరబడి కొట్టుకున్నారు.

ఇంకోటి, మార్చి నెలలో మాత్రం మారకండి, ఇయర్ ఎండింగ్‌లో పెట్టుకుంటే ఏడుపే. మారేటప్పుడు కూడా పాతదాంట్లో, కొత్తదాంట్లో రెండిట్లో కొన్నాళ్ళు కొట్టి రోజు క్లోజింగ్ టోటల్ సరిపోల్చండి. మీ టర్నోవర్ 5 కోట్లు దాటిందా? దాటితే 2023 ఆగస్ట్ నుంచే ఈ-ఇన్వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) ఉంది కదా, ఆ డాస్ బిల్లుతో ఎలా నెట్టుకొస్తున్నారు?

జీపీరోడ్_స్పేర్స్:
దాటలేదు అక్కా, దాటితే బావ గాల్లో తేలేవాడు. కాపీ డేటాతో వీడాస్ పెట్టి చూశా, ప్రోగ్రాం తెరుచుకుంది! కానీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఏడిపిస్తోంది, కొత్త సిస్టమ్‌లకి పాత ప్రింటర్ పోర్టే లేదు, రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ కేబుల్ తెచ్చా. బిల్లు వస్తోంది కానీ మాది సగం సైజు పేపర్, ఒక్కో బిల్లుకి ఒక కాగితం ఖాళీగా వెళ్ళిపోతోంది.

వేలచ్చేరి_వాసి:
డ్రైవర్ ఏ4 అనుకుని తోస్తోంది. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో మీ పేపర్ కొలతతో కొత్త ఫామ్ చేసి, ప్రింటర్‌కి అదే డిఫాల్ట్ పెట్టండి. అప్పటికీ తోస్తుంటే జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్ వేసి చూడండి, స్పీడ్ కూడా పెరుగుతుంది. పాత సిస్టమ్‌లు ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయలేదుగా? ఒకటి నెట్ తీసేసి పక్కన ఉంచండి, వెండర్ డేటా మార్చేదాకా అవసరం పడుతుంది.

జీపీరోడ్_స్పేర్స్:
ఐదు ఇచ్చేశాడు అన్నా. ఆరోది గోడౌన్‌లో ఉంది, ఇప్పుడే ఫోన్ చేసి ముట్టుకోవద్దన్నా.