బస్ క్లాకు సగానికి దించితే కరెంటు మిగులుతుందా, ఉత్త భ్రమా?

ఏడురోడ్ల_కూడలి, కడప:
అన్నలూ ఒక డౌటు. సెకండ్ హ్యాండ్‌లో కోర్ 2 డుయో టీ7300 ల్యాప్‌టాప్ తీసుకున్యా, 2 గిగాహెర్ట్జ్ అని ఉండాది, ఊరికే పెట్టి చూస్తే 800 మెగాహెర్ట్జే. రిపేరు అంగడాయన బస్సు (ప్రాసెసర్‌కీ బోర్డు మీది చిప్‌సెట్‌కీ మధ్య డేటా పోయే దారి) సగమే నడుస్తాంది, పవర్ సేవింగ్ అంతా ఉత్తదే, బయోస్‌లో (మిషన్ ఆన్ చేసేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో) ఆఫ్ చెయ్యమన్యాడు. చెయ్యాల్నా?

టవర్‌క్లాక్, అనంతపురం:
ఆఫ్ చెయ్యప్పా. స్పీడు సగం చేస్తే పనికి రెండింతల సేపు పడ్తాది, సగం కరెంటు రెండింతల సేపు తింటే మిగిలిందేముంది? బిరీన పని ముగించి పండుకునేదే మేలు.

బురుజు, కర్నూలు:
నీ లెక్కలో ఓల్టేజీ యాడబోయింది సామీ? క్లాకు దిగితే ఓల్టేజీ కూడా దించొచ్చు, తినే కరెంటు ఓల్టేజీ వర్గాన్ని బట్టి పోతాది. ఉదాహరణకి 1.2 ఓల్టుల నుంచి 0.9కి దించితే అదే పనికి సుమారు 56 శాతమే, ఎంతసేపు పట్టినా సరే (లీకేజీ, అంటే పని ల్యాకున్యా ఊరికే కారిపోయే కరెంటు, పక్కన పెడితే).
ఇంక బస్సు. దీన్ని 800 అంటారు గానీ అసలు క్లాకు 200, ఒక్కో క్లాకుకి నాలుగుసార్లు డేటా పోతాది. ప్రాసెసర్ స్పీడంటే బస్సు క్లాకు ఇంటూ గుణకం; ఈ ప్రాసెసర్లో గుణకం 6 కంటే దిగదు, 6 ఇంటూ 200 అంటే 1200, అంతకన్నా కిందికి పోవాలంటే బస్సునే దించాల. 2007లో శాంటా రోసా అనే ల్యాప్‌టాప్ ప్లాట్‌ఫారంతో ఇంటెల్ చేసింది అదే, బస్సు క్లాకుని 100 చేసి, 8 ఇంటూ 100 అని ప్రాసెసర్ని 800కి దించింది. దాంతో అవతలి కొసన ఉండే చిప్‌సెట్ కూడా తక్కువ తింటాది. ఉత్తదని చెప్పిన రిపేరాయన ఇది చూడలా అంతే.

టవర్‌క్లాక్, అనంతపురం:
ఓల్టేజీ మాట సరే, లీకేజీని భలే పక్కన పెట్టినావే! పని ల్యాకపోతే ప్రాసెసర్ క్లాకే ఆపేసి నిద్రపోతాది గదా, మళ్ల 800 ఎందుకు?

బురుజు, కర్నూలు:
పాట పెట్టి టైపు చేస్తాంటే సెకనుకి ఎన్నోసార్లు లేచి పండుకుంటాది, లేచిన ప్రతిసారీ 2000కి ఎగరాల్నా? గట్టి పని పడితే ఎట్లాగూ ఎక్కుతాది. నీ మాట నిజమయ్యేది ఎవరన్నా దాన్ని కిందనే కట్టేస్తేనే, అప్పుడు స్క్రీను, డిస్కు అంతసేపూ తింటానే ఉంటాయి.
కొత్త మిషన్లకి ఈ గొడవే ల్యా, 2008లో ఇంటెల్ నెహాలెం ప్రాసెసర్లు వచ్చినంక ఆ బస్సే పాయ, గుణకమే ఎక్కి దిగుతాంది.

ఏడురోడ్ల_కూడలి, కడప:
ఆఫ్ చేసి చూస్తినన్నా, ఉత్తపుణ్యానికి ఫ్యాను ఒకటే అరుపు, ఈ కడప ఎండలకి తొడ మీద పెట్టుకోను కాల్యా. మళ్ల ఆన్ చేసినా. డబ్బులు తీసుకోలేదులే ఆయన, అది నయం.